రెండువేల నూట పద్నాలుగు అక్షరాలు

హెల్టెర్మా రేవులో టిక్కెట్ల యంత్రం
ముగ్గురికి అడిగితే ఏడుగురికి ఇస్తోందని
హిల్వె ఫోన్ చేసింది.
"దయ్యాల్ని కూడా పడవెక్కిస్తోంది, వచ్చి చూడు" అంది.
నవంబరు. మూడున్నరకే చీకటి.
గడ్డకట్టాలా వద్దా అని
నీళ్ళు ఇంకా గొణుక్కుంటూనే ఉన్నాయి.

యంత్రమంటే పెద్దదేం కాదు,
గోడకు బిగించిన తెర, దాని వెనక ఒక బ్రౌజరు.
వచ్చినవాళ్ళు వేలితో తాకి పోతారు,
పోయేటప్పుడు తలుపు వేసుకుపోరు.
ఏ భాషో, ఎన్ని సైకిళ్ళో, కుక్క ఉందో లేదో
చిన్న చిన్న అరల్లో అది దాచుకుంటుంది,
మళ్ళీ వస్తారేమోనని.

ఆ అరలు సర్దడానికి ఈసారి ఏజెంటును పిలిచాను.
పిలిచే ముందు హద్దులు గీశాను.
ఈ ఒక్క సైటు అరలే నీవి, పక్కవాళ్ళ గడప తొక్కకు.
అర మీది పేరు చదువు, లోపలిది చదవకు.
టోకెన్లు నీకు చుక్కలుగానే కనిపిస్తాయి.
ఏది మార్చాలన్నా ముందు నకలు తియ్యి,
పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించు,
నేను సరే అన్నాకే చెయ్యి వెయ్యి.

"పాలకు పిల్లిని కాపలా పెట్టి
దానికి మర్యాదలు నేర్పుతున్నావా?" అన్నాడు అర్వో.
నాకు నవ్వు రాలేదు.
వేసవి రద్దీలో ఇదే తెర మీద
నేనే ఒక్క మీటతో మొత్తం తుడిచేశాను.
ఓ పెళ్ళి బృందం ఓపిగ్గా నింపిన ముప్పై ఎనిమిది పేర్లు
గాల్లో కలిశాయి.
అప్పుడు నాకెవరూ హద్దులు గీయలేదు.

పిల్లి పాలు ముట్టలేదు.
"పాత కార్టు ఒకటి మిగిలిపోయింది," అంది,
"నలుగురు, ఆగస్టు ఇరవై మూడు.
తీసేస్తే ఇలా ఉంటుంది. సరేనా?"
సరే.
హిల్వె దయ్యాలు నలుగురూ
మూడు నెలల ఆలస్యంగా పడవ దిగిపోయారు.

"ఇంకొకటి ఉంది.
ఫిర్యాదుల పేజీలో చిత్తుప్రతి.
రెండువేల నూట పద్నాలుగు అక్షరాలు. పంపలేదు.
లోపలేముందో నాకు కనిపించదు.
తీసెయ్యమంటారా?"

నాకు కనిపిస్తుంది.
రెండు క్లిక్కులు, అంతే.
జేబులోంచి చెయ్యి తీశాను కూడా.

ఆలస్యాల మీద తిట్లే అయ్యుంటాయి.
అయినా రెండు పేజీల తిట్లా?
మూడో మెనూ అడుగున, ఎవరూ తెరవని ఆ పేజీ వెతుక్కుని
ఎవరో ఇక్కడ నిలబడ్డారు,
గ్లౌజు తీసిన ఒక్క వేలితో
చల్లటి గాజును రెండువేల నూట పద్నాలుగు సార్లు తాకారు,
వెనక వరుస దగ్గుతూ ఉండగా.

దానికి నేను కట్టిన గంతలు
విప్పమని అది ఒక్కసారీ అడగలేదు.
నా కళ్ళకు గంతల్లేవు.
చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"ఉంచు."
"ఎంతవరకు?"
ఆ మాట అడగమని నేను చెప్పలేదు.
"శుక్రవారం దాకా."

హిల్వె ఒక కాగితం అతికించింది.
ఎవరిదో ఉత్తరం సగంలో ఆగింది.
శుక్రవారం దాకా ఇక్కడే ఉంటుంది. మేము చదవలేదు.
చివరి మాట కింద రెండు గీతలు,
పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా.

గురువారం పొద్దున రిపోర్టు.
కార్టు ఖాళీ. భాష ఎస్టోనియన్. కుక్క ఒకటి.
చిత్తుప్రతి: రెండువేల తొంభై ఆరు అక్షరాలు.

పద్దెనిమిది తగ్గాయి.

"నేను ముట్టుకోలేదు," అంది, "చిట్టా చూసుకోండి."
చూశాను. నిజమే.
రాత్రి ఆఖరి పడవకు ముందు ఎవరో వచ్చి
ఒక పేరో, ఒక బూతో, ఒక చిన్న వాక్యమో
తీసేసి,
మిగతాది పంపకుండానే వెళ్ళారు.

గడువు సోమవారానికి మార్చమన్నాను.
అది నకలు తీసింది.
శుక్రవారం, సోమవారం పక్కపక్కన పెట్టి చూపించింది.
సరేనా?
రేవులో పడవ కూత వేసేదాకా
జవాబు టైపు చెయ్యలేదు.