గుర్రు

ఆగు నికానోర్, ఇంకా కిందికి దించకు.
పోంచో మడతలోనే ఉంచు దాన్ని,
ముక్కు మాత్రం బయటికి.
ఈ గాలి దాని వాసనని జలసంధి దాటిస్తుంది,
అంతదూరం ఎందుకు, ఆ తలుపు దాకా చాలు.
లోపల ఇద్దరికీ ఈపాటికే తెలిసిపోయింది
ఎవరో వచ్చారని.

గోళ్ళ చప్పుడు వింటున్నావా?
అది సెనీసా. తొందర మనిషి.
కుక్కని మనిషి అన్నానని నవ్వకు.
చప్పుడు చెయ్యనివాడు తోంగో.
పదమూడేళ్ళు. ఒక చెవి నక్క పట్టుకుపోయింది,
మిగిలినదానితో
నేను అనబోయి మింగేసిన మాట కూడా వింటాడు.

ఇంట్లోకి కాదు. పెరట్లోకీ కాదు.
పొయ్యి ముందు నేల వాళ్ళది,
రేకు కప్పు మీద వాన వాళ్ళది,
మేకుకి వేలాడే నా పాత స్వెటరు
పేరుకే నాది.
ఎవరిదీ కాని చోటు కావాలి.
కంచె దాటి, కలఫాతే ముళ్ళపొదలు దాటి
గొర్రెలు కూడా ముట్టని ఆ గుట్ట దాకా పద.
అక్కడ గాలికి తప్ప ఎవరికీ పట్టా లేదు.

ఇప్పుడు దించు. తాడు వదులుగా పట్టుకో,
నీ భయం తాడు గుండా దిగిపోతుంది దానిలోకి.
ముఖాముఖి వద్దు.
కళ్ళలో కళ్ళు పెట్టి చూడటం
మనకి ప్రేమేమో, వాళ్ళకి కయ్యం.
నువ్వు అటు, మేము ఇటు,
మధ్యలో ఇరవై అడుగులు,
అందరం ఒకే దిక్కుకి నడుద్దాం
మాటల్లేని అన్నదమ్ములు
తండ్రి శవం వెనక నడిచినట్టు.

ఇంకొంచెం దగ్గరగా.
ఇంకొంచెం.

అదిగో.
తోంగో గొంతులో
గులకరాళ్ళ మీద బండి చక్రం.

వద్దు! అదిలించకు.
చెయ్యెత్తకు, కూననీ ఎత్తుకోకు.
ఒకసారి నేను అదిలించాను,
అప్పటికి నువ్వింకా పుట్టలేదు.
బ్రూహా అని తోంగో తల్లి, బొగ్గులాంటి నలుపు.
గుర్రుమన్నప్పుడల్లా చెప్పుతో ఒకటిచ్చాను.
పది రోజుల్లో మానేసింది.
ఇల్లు ఎంత నెమ్మదించిందో!
ఉన్ని కత్తిరించడానికొచ్చిన వాళ్ళందరికీ
మాతే పోసి మరీ చెప్పుకున్నాను నా పెంపకం గురించి.
పదకొండో రోజు, ఉలుకు లేదు పలుకు లేదు,
ఇంత కూననే, దీని ఈడుదే,
నోట కరచి ఒక్క విదిలింపు.
బ్రూహా తప్పు కాదది.
హెచ్చరించే గొంతుని
నేనే నొక్కేశాను కదా.

మా ఆబేలార్దో కూడా అంతే,
సణగడం మానేసిన వారానికే
గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.
అది వేరే కథలే.

చూడు, చూడు. నీ కూనకి బుద్ధుంది.
వెల్లకిలా పడి పొట్ట చూపించింది,
కాస్త పాసు కూడా పోసుకుంది. పోసుకోనీ.
కుక్కల్లో అది నమస్కారం.
తోంగో వాసన చూసి తల తిప్పేశాడు,
ఒప్పుకున్నట్టు కాదు,
కాదన్నట్టూ కాదు.
సెనీసా అయితే ముందుకాళ్ళు చాచి, నడుం పైకెత్తి
ఆటకి పిలుస్తోంది, సిగ్గులేనిది.

ఈ పూటకి చాలు. రేపూ ఈ గుట్టే, ఎల్లుండీ ఇదే.
తిండి మూడు గిన్నెల్లో, మూడు మూలల్లో.
ముందు ముసలాడికి పెట్టు,
తల మీద చెయ్యి కూడా ముందు వాడికే.
చిన్నదాన్ని చూసి కరిగిపోవడం
వాడు చూడని చోట కరిగిపో.
దీని గుడ్డ ఒకటి వాడి పడక పక్కన వెయ్యి,
పీకి బయటపడేస్తే మళ్ళీ వెయ్యి.
పేరా? అప్పుడే వద్దు.
తోంగో ఏమంటాడో చూద్దాం.

రాత్రి నువ్వు పొయ్యిగదిలో పడుకుంటావుగా,
చీకట్లో ఆ బండిచక్రం మళ్ళీ కదులుతుంది.
కూన వాడి కాళ్ళ దగ్గరికి పాకి ఉంటుంది.
గుర్రు వినబడుతున్నంతసేపు
దుప్పటి కప్పుకుని నిద్రపో.

వినబడకపోతే,
లేచి దీపం వెలిగించు.