నాలుగొందల మీటర్లు

ట్యాబ్‌లో పటం పచ్చగా ఉంది.
ఈ ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రానికి
మూడొందల ఎనభై మీటర్లు.
నాలుగొందల లోపే. వీధి పాసయింది.

కొండవాలు మీద రేకుల ఇల్లు.
గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్న నూకరత్నమ్మ
నూటపద్దెనిమిది మెట్ల నా ఆయాసం చూసి
చెంబు అందించింది.
"కుళాయి రోజూ ఎంతసేపొస్తుందండీ?"
"ముందు తాగీసి అడుగు."

నడిచే దూరంలో పార్కుందా?
ఉంది. దానికో తాళమూ ఉంది.
గాలి ఎలా ఉంటుంది?
కిటికీ చెక్క మీద వేలు రాసి
నా వైపు తిప్పింది. నల్లగా.
పొద్దున్నే తుడిచిందట.
పోర్టు వైపు నుంచి గాలి మళ్లితే
ఇడ్లీ పిండి మీద మూత తియ్యదట.
ఆ వేలిని ఎక్కించే గడి ట్యాబ్‌లో లేదు.
గాలి అంకె వేరే ఎక్కడి నుంచో వస్తుంది,
మా ఆఫీసు డాబా మీది యంత్రం నుంచి.

"ఆసుపత్రికేగా? నాతోటి రా,
దిగీసి కొలుద్దువుగాని."

నలభయ్యో మెట్టు దగ్గర ఢిల్లేశ్వరి వాళ్ల అరుగు,
ఎడమ మోకాలికి మొదటి మజిలీ.
డెబ్భై రెండోది విరిగిన మెట్టు,
దాన్ని పక్కకి తిరిగి దిగాలి.
కింద గెడ్డ. గెడ్డ మీద పలక.
పొంగిన రోజున పలకుండదు, చుట్టూ తిరగడమే.
తర్వాత హైవే.
సిగ్నలు మనిషికిచ్చిన పదిహేను సెకన్లలో
ఆమె సగం దాకా వెళ్తుంది.
మిగతా సగం
లారీలకి చెయ్యి చూపించి.

ఫోను లెక్క తేల్చింది:
వెయ్యీ నూట అరవై మీటర్లు,
నలభై ఒక్క నిమిషాలు.
కూర్చున్న చోట్లు అయిదు, అది నా లెక్క.
అందులో ఒకటి, ఇస్త్రీ బండి ఎల్లాజీ
ఆమె కోసమే వేసి ఉంచే స్టూలు.
కార్పొరేషన్ బెంచీ ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ అప్పుడే వెళ్లిపోయిందట.
నూకరత్నమ్మ ఏమీ అనలేదు.
"నీ కొలత సరిపోయిందేటి?" అని మాత్రం అడిగింది.

మళ్లీ ఎక్కేటప్పుడు, ఆ అరుగు మీద,
చల్లటి గాలి తగిలి తలెత్తితే
రెండు అపార్ట్‌మెంట్ల సందులో
చీరంచంత సముద్రం.
"సాయంత్రం అయిదుగురం ఇక్కడే కూర్చుంటాం.
ఒకర్తె రాకపోతే ఎళ్లి తలుపు కొడతాం.
ఇది రాస్తావా, రాయవా?"

దూరం సరైనదేనా, అని అడిగింది ట్యాబ్.
కాదు, నొక్కాను.
కారణం తెలపండి, అంది.
నూట యాభై అక్షరాలు మించరాదు, అంది.

నా మోకాళ్లింకా వణుకుతున్నాయి.