ఇందు మధ్య గల ఐదు సెంట్లు

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా మా కొట్టు.
రేకుల చూరు, ఒక జెరాక్సు మిషను,
ఒకటే కంప్యూటరు, దానికి ఇద్దరం.
పగలు నాది. దస్తావేజులు కొడతాను.
షట్టరు సగం దించాక నూకరాజుది.
తుపాకీ పట్టుకుని
ఎవరెవరి ఊళ్ళోనో తిరిగొస్తాడు.

పాత కీబోర్డు శ్రావణంలో పోయింది.
కొంత ఉప్పుగాలి తింది,
మిగతాది నా టీ ముంచింది.
"క" కొడితే బురదలో కాలు దిగినట్టు దిగి
పైకి రానంది.

నూకరాజు భీమవరం వెళ్ళి రెండు తెచ్చాడు,
ఒకటి వాపసిచ్చే షరతు మీద.
నీలం మీటలది, ఎర్ర మీటలది.
వారం గడువు.

నీలం మీట టక్కుమంటుంది.
అరవై గ్రాముల బరువు వెయ్యాలి,
సగం దిగాక ఒక మెట్టు తగులుతుంది,
అక్షరం పడింది అని వేలికి తెలుస్తుంది.
ఎప్పుడో లోయరు పాసైన మిషను
నా మణికట్టులో ఇంకా ఉంది కాబోలు,
వీపు దానంతటదే నిటారైంది.
బెంచీ మీద రైతులు మాటలాపారు.
"ఆయ్, ఇప్పుడు రాత పడతందండి" అన్నారొకరు.
నూకరాజుకి గిట్టలేదు.
"పైవాటాలో ముసలాయన్ని లేపుద్దక్కా ఇది.
రెండోసారి నొక్కేలోపు చచ్చిపోతన్నాను."

ఎర్రది నేతిలో గరిటె.
మెట్టు లేదు, మాట లేదు.
రాత్రి పదింటికి రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటే
ఆ హోరు కింద వాడి వేళ్ళు వినపడవు.
వెనక గదిలో పడుకున్న నాకు
కుర్చీ కిర్రుమంటేనే తెలిసేది
వాడు గెలిచాడని.

మూడో రోజు ఎర్రదాని మీద
అద్దాల సూరన్న గారి కాగితం పెట్టాను.
తూర్పు: పుంత. దక్షిణం: మురుగుకోడు.
పడమర: గెద్దాడ వారి కొబ్బరి దిబ్బ.
ఉత్తరం: వశిష్ఠ గోదావరి.
ఇందు మధ్య గల 5 సెంట్లు.
వేలు ఊరికే ఆనించాను, అంతే.
చదివి వినిపిస్తుంటే ఆయన చెయ్యెత్తారు.
"మళ్ళీ చదవమ్మా."
యాభై ఐదు సెంట్లు, అన్నాను,
నాలుక కరుచుకున్నాను.
సూరన్న గారు కోప్పడలేదు.
"నా చిన్నప్పుడు అంతే ఉండేదమ్మా.
యాభై ఏటి కిందకి పోయింది.
దీనికెలా తెలిసిందో!"
కాసేపు ఉంచమన్నారు.
కళ్ళజోడు తుడుచుకుని తెర మీదకి వంగారు
నేను చెరిపేదాకా.

స్టాంపు కాగితం అందక పని వాయిదా పడింది.
ఈలోగా నూకరాజు ఎర్రది వాపసిచ్చి
విడిగా నాలుగు ఎర్ర మీటలు కొనుక్కొచ్చాడు.
ఊడబెరికి మార్చుకునే రకమట.
పట్టకారుతో నాలుగు నీలాలు పీకి
ఊడ్పుల్లో సందు నింపినట్టు ఎర్రవి నాటాడు.
"నాకు నాలుగే చాలక్కా.
ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి."

ఆ నాలుగూ నాకేమిటో వాడికి తెలీదు.
వాడు ముందుకి పరిగెడితే నాకు ఐత్వం.
ఎడమ ఓత్వం. వెనకడుగు ఏత్వం.
కుడికి దూకితే పొల్లు.
ఒక రాత్రి ఆట అనుకుని
దస్తావేజు మీదే యుద్ధం చేశాడు కాబోలు,
తెల్లారి చూస్తే హద్దుల కింద వరసన్నర ఐత్వాలు,
ఏ హల్లూ దొరక్క
ఒంటరిగా తిరుగుతున్నాయి.

సూరన్న గారు మళ్ళీ వచ్చారు.
నీలం మీటల మీద కొట్టాను, కొట్టంతా టకటక.
ఆయన పేరులో రెండు నకారాల నడుమ మాత్రం
పొల్లు,
చప్పుడు లేని చిన్న చోటు.
అక్కడ ఆయన తలెత్తి చూశారు,
ఏదో పడలేదనుకున్నట్టు.
పడిందండీ, అన్నాను.

తూర్పు, దక్షిణం, పడమర.
ఉత్తరం దగ్గర ఆగి ఏటి పేరు కొట్టాను.
ఇందు మధ్య గల.
తర్వాత అంకె.
ఒక్కటే టక్కు.