నలభై మూడు మెట్లు

రాసుకో తల్లీ, రాసుకో.
తొంభై రెండు నిండాయి నాకు.
మీ మిలానులో లిఫ్టులుంటాయిగానీ
ఈ సార్డీనియా కొండమీద
మా ఆయన బకీజియో తిక్కకు పుట్టిందీ ఇల్లు.
పడక పైన, పొయ్యి కింద,
నీళ్లేమో ఇంకా కింద, కూరమడి పక్కన.
మొత్తం నలభై మూడు మెట్లు.
గొట్టం వేయించవయ్యా అంటే
వచ్చే వేసవికి అన్నాడు.
ముప్పై వేసవులు అదే మాట.
వేయించకుండానే పోయాడు.
ఈ మోకాళ్లు
వాడి బద్ధకం పెట్టిన భిక్ష.

తిండా?
బార్లీ రొట్టె, చిక్కుడుగింజల పులుసు.
గొర్రెపాల జున్ను రెండో ముక్కకు చేయి చాచితే
చచ్చిపోయిన మా అత్త ఇంకా గుడ్లురుముతుంది.
రాత్రికి ద్రాక్షసారా.
ఒక్క గ్లాసే అన్నాడు డాక్టరు.
గ్లాసు పెద్దది కొన్నాను.

నిద్ర కోళ్లతోపాటే.
లేవడం వాటికంటే ముందు.

కోపమా, ఎందుకు లేదూ!
ఎదురింటి తొనీనాతో పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు,
గోడ దాటొచ్చిన ఒక్క అంజూరపు కొమ్మకోసం.
అయినా పొద్దున్నే
దాని కిటికీ తెరుచుకుందా అని నేను చూస్తాను.
నాది తెరుచుకుందా అని అది చూస్తుంది.
పోయిన వారం జ్వరమొచ్చి తెరవలేదు.
తొమ్మిది కొట్టకముందే
మెట్లమీద కర్ర చప్పుడు,
మధ్యమధ్య ఆగుతూ, తిడుతూ.
పులుసు గిన్నె మంచం పక్కన పెట్టి
"ఉప్పు తక్కువ. నీకదే ఎక్కువ"
అనేసి దిగిపోయింది.

రక్తపోటా? కట్టు ఆ పట్టీ,
తొందరగా కానీ.
గిన్నె తిరిగివ్వాలి.
ఖాళీగా ఎలా ఇస్తాను?
నాలుగు అంజూరాలు కోయాలి,
ఆ కొమ్మవే.