పదకొండో నంబరు దూడ

పంతొమ్మిదేళ్లు నా భుజానికి ఐసు పెట్టె వేలాడింది.
పట్టీ ఒరుసుకున్న చోట
ఇప్పటికీ కాయ కాసి ఉంటుంది.

లంకకి వెళ్లాలంటే పంటు ఎక్కాలి,
పంటు కదలాలంటే ఏరు ఒప్పుకోవాలి.
ఒక మాఘమాసం ఇసక మేటలో ఇరుక్కుని
నాలుగు గంటలు నడి ఏట్లో నిలబడిపోయాం.
కొబ్బరి దింపులోళ్లు పేకాడుకున్నారు.
నేను మూత తీసి చూడలేదు.
తీస్తే చల్లదనం పోతుందని కాదు,
పోయిందని తెలిసిపోతుందని.

ఆ సాయంత్రం మంగాయమ్మ సాలలో
నీళ్లయిన ఐసులోంచి సీసా తీసి
ఆరు గేదెలకీ ఒక పెయ్యకీ పొడిచాను.
రిజిస్టర్లో టిక్కు పెట్టాను.
టిక్కు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

ఫాల్గుణంలో వచ్చింది గాలికుంటు.
గాలికి కాళ్లుండవు,
అది వచ్చి పోయాక గొడ్లకీ ఉండవు.
గిట్టల సందున పుళ్లు, నాలిక మీద బొబ్బలు,
తాడులా సాగే సొంగ.
మంగాయమ్మ ఉప్పునీళ్లతో కడిగింది, వేపాకు నూరింది,
మనవడి దగ్గుకి దాచిన తేనె కూడా దాని నోటికి రాసింది.
పెయ్య తల్లి పొదుగు కిందే పడుకుంది, తాగలేక.
నన్నొక్క మాట అనలేదు.
"సూది వేయించాం కదండీ, ఇంక మా ఖర్మ" అంది.
ఆ 'కదండీ' ఉంది చూశారూ,
అది నాకు గొంతు దిగలేదు ఇంకా.

ఇప్పుడు మండపేట అవతల, కాలవ గట్టు పక్కన
రెండు పొరల వల లోపల
ముప్పై సెంట్ల పిల్లిపెసర.
వరి కోతకి ముందు తడిలో చల్లేస్తే
దానంతటదే లేచే మొక్క,
చుట్టూ వందల ఎకరాలుంది, ఎవడూ లెక్కపెట్టడు.
ఈ ముప్పై సెంట్లకే తాళం.
ఆకు రెమ్మ బయటికి పోకూడదు,
చెప్పులు దులిపి రావాలి,
చివర్న వేళ్లతో సహా కాల్చాలి.

సఫియా డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత మట్టుకు:
దొంగని తేలేదు.
దొంగ చొక్కా గుండీ ఒక్కటి తెచ్చి ఆకులో కుట్టారు.
దూడ నమిలితే ఒంట్లోని కాపలావాళ్లు
ఆ గుండీని గుర్తుపెట్టుకుంటారు.
"ఐసు అక్కర్లేదా అమ్మా?"
"ఎండబెట్టి గోనె సంచిలో వేసుకుని పోవచ్చు,
పనిచేస్తే."

పనిచేస్తే.
నాలుగు కడుపుల జీవం అది.
ఏ కడుపులో కరిగిపోతుందో గుండీ.

పన్నెండు దూడలు.
ఆరిటికి మందాకు, ఆరిటికి ఉత్తాకు.
ఏది ఏదో రాసిన కాగితం
ఎవరూ తెరవని కవర్లో ఉంది.
పదకొండోది మంగాయమ్మది. నేనే అడిగి తెచ్చాను.
మూడ్రోజులు అది ఆకుని మూతితో తోసేసింది.
నాలుగో రోజు పంటు దాటి, రెండు బస్సులు మారి వచ్చిందావిడ.
చీర కొంగు బిగించి,
ఆకు తుంచి తవుట్లో కలిపి చేత్తో పెట్టింది.
"అలా కుదరదండీ" అన్నాను.
డాక్టరమ్మ కాసేపు ఆలోచించి
"అయితే పన్నెండిటికీ తవుడు కలపండి" అంది.

తిన్నది.
ఆవిడ చెయ్యి కూడా నాకింది.
"మా దానికి ఏ ఆకండీ?"
తెలీదన్నాను.
ఈసారి నిజంగానే తెలీదు.

ఇరవై ఒకటో రోజు మెడ నరంలోంచి నెత్తురు తీశాను.
గొట్టం వెచ్చగా ఉంది వేళ్లకి.
పరీక్షకి పంపాలంటే మళ్లీ అదే పెట్టె,
అటక మీంచి దింపి బూజు తుడిచాను.
బస్టాండులో ఒకసారి, రావులపాలెంలో ఒకసారి,
మూత తీసి
లోపలికి చూశాను.