మూడో బటన్

రేకుల మీద వాన.
చిలోయే దీవిలో జూన్ అంటే ఇంతే,
మైకు ఆన్ చేస్తే ముందు వాన మాట్లాడుతుంది,
తర్వాత నేను.

అందుకని ఉన్ని దుప్పటి ముసుగేసుకుని
ల్యాప్‌టాప్‌ని కూడా లోపలికి లాక్కున్నాను.
గొర్రె వాసన, నా ఊపిరి వేడి,
స్లైడు మీద నీలం సముద్రం.
నలభై ఆరేళ్ళ టీచర్ని,
జ్వరమొచ్చిన పిల్లలా ముసుగులో గొణుక్కుంటున్నాను:
"పిల్లలూ, సముద్రం రోజుకి ఎన్నిసార్లు వెనక్కి తగ్గుతుంది?"

మొదటిసారి నా గొంతు
రేవులో లాంచీల వేళలు చదివే మైకులా ఉంది.
చెరిపేశాను.
రెండోసారి పక్కింటి ఒయార్సో రంపం మోటారు.
మూడోసారి బాగానే వచ్చింది గానీ
ప్రశ్నకీ బటన్లకీ మధ్య ఎంతసేపు ఆగాలో అంతుపట్టలేదు.
క్లాసులో అయితే ముఖాలు చెబుతాయి.
మూడు సెకన్లు పెట్టాను. ఎల్సిరాకి అదే ఎక్కువ.
అప్పుడు అన్సెల్మో గుర్తొచ్చాడు.
వాడు ప్రశ్నని ముందు జేబులో వేసుకుంటాడు,
కిటికీలోంచి ఓసారి బయటికి వెళ్ళొస్తాడు,
ఆ తర్వాత కదా జవాబు.
తొమ్మిది సెకన్లు చేశాను.
తొమ్మిదింటి నిండా వాన.

ఒకటి, రెండు, నాలుగు. మూడు బటన్లు.
సరైనది నొక్కితే గంట మోగుతుంది,
కంప్యూటర్లోనే దొరికింది, ముద్దుగా ఉంది.
కష్టమంతా మిగతా రెంటి దగ్గర.
తప్పు చేసినవాడితో ఏ గొంతుతో మాట్లాడాలి,
వాడు ఒంటరిగా ఉన్నప్పుడు,
నేను ఎదురుగా లేనప్పుడు?
"తప్పు" అన్నాను. తలుపేసినట్టుంది.
"కాదు నాన్నా" అన్నాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.
"మళ్ళీ ఆలో..." అంటుండగా
పొయ్యి మీద కెటిల్ పొంగి బుస్సుమంది,
లేవబోతే దుప్పటి కాలికి చుట్టుకుంది, మైకు కిందపడింది,
"ఓరి దేవుడా, నా టీ నీళ్ళు!" అని నవ్వు,
ఆగని నవ్వు,
అందులోంచే అన్నాను: "ఫరవాలేదులే, మళ్ళీ చూద్దాం."
రాత్రి ఒంటిగంట. చెరిపే ఓపిక లేదు.
'నాలుగు'కి దాన్నే అతికించి పడుకున్నాను.

పెన్‌డ్రైవ్‌ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి
లాంచి నడిపే డెల్ఫీన్‌కి ఇచ్చాను,
కిరోసిన్ పక్కన కాదు, పిండి బస్తా పక్కన పెట్టమని.
వారానికి తిరిగొచ్చింది
ఎవరెవరు ఏమేం నొక్కారో మోసుకుని.
ఎల్సిరా: రెండు.
అన్సెల్మో: నాలుగు. నాలుగు. నాలుగు.
పదకొండుసార్లు నాలుగు.

వాడికి ఆటుపోట్లు తెలియకపోవడమా!
తల్లి వెంట మోకాలిలోతు బురదలో ఆల్చిప్పలు ఏరే పిల్లాడు,
సముద్రం ఎప్పుడు తప్పుకుంటుందో
పక్క మీంచి లేవకుండా చెప్పగలడు.
నన్ను నేనే తిట్టుకున్నాను,
బొమ్మ బాగాలేదనీ, అక్షరాలు చిన్నవనీ,
తొమ్మిది సెకన్లు చాల్లేదనీ.

వాన తెరిపిచ్చిన సోమవారం
అక్క బూట్లు తొడుక్కుని వాడే దిగాడు లాంచిలోంచి.
అడిగాను.
ప్రశ్నని జేబులో వేసుకున్నాడు. రేవు వైపు చూశాడు.
నేను లెక్కపెట్టలేదు.
"రెండుసార్లే కదా ప్రొఫే," అన్నాడు.
"మరి?"
"రెండు నొక్కితే గంటే మోగుతుంది.
నాలుగులో మీరుంటారు."

ఇవాళ మళ్ళీ ముసుగులో ఉన్నాను.
గంట తీసేశాను.
సరైన జవాబు ఖాళీగా ఉంది, ఎర్రచుక్క వెలుగుతోంది.
కెటిల్‌ని కావాలనే పొయ్యి మీద పెట్టాను,
ఎంతకీ మరగదే!
ఒప్పు చెప్పినవాడికి ఏం చెప్పాలో
ఇరవై రెండేళ్ళలో ఎవరూ నన్నడగలేదు.
"బూట్లు ఆరాయా?" అన్నాను చివరికి,
అందరి ట్యాబుల్లోకీ వెళ్తుందని తెలిసీ.
తర్వాత మాట తోచలేదు.
వాన మాట్లాడుతోంది.
మాట్లాడనీ.