నడుము లోతు ఆకులు

రిటైరైన రోజు మా బస్‌పాస్ కౌంటర్ వాళ్ళు
శాలువాతో పాటు ఒక అట్టపెట్టె చేతిలో పెట్టారు.
"ఫొటోలు అంటించుడు మీకు అలవాటే గదా మేడం" అంది షాహెదా.
నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవయ్యారేళ్ళు
ఎవరెవరి ముఖాల వెనకో జిగురు రాశాను.
మా ఇంటి ముఖాలకే తీరిక దొరకలేదు.

పెట్టె మీద వంకర అక్షరాల్లో ఆటమ్ అని ఉంది.
లోపల పన్నెండు దళసరి కాగితాలు:
తేనె రంగు, ఇటుక రంగు, మాడిన బెల్లప్పాకం రంగు.
ఒక బొద్దు ఉడత, వీపు మీద మన ఉడత గీతలు లేవు.
నోరంతా తెరిచి నవ్వే గుమ్మడికాయ.
"దిష్టిగుమ్మడికి నవ్వెందుకే?" అన్నాడు ఉపేందర్.
ఇంకా, కత్తిరించి పెట్టిన ఆకులు నలభై ఎనిమిది.
ఒక్కోదానికి ఐదు కొసలు.
ఆయన ఒకటి తీసి అరచేతిలో పరుచుకున్నాడు:
"ఏం చెట్టో గని, చెయ్యి చాపినట్టుంది."

మాకు ఈ నెలలో ఆకులు రాలవు.
తంగేడు విరగబూస్తుంది,
గునుగు మోపులు మోపులుగా మార్కెట్‌లో దిగుతుంది.
వీధి చివరి బాదం చెట్టు ఎర్రబడాలంటే
శివరాత్రి దగ్గర పడాలి.
అక్టోబర్‌లో మా కాలనీ మీద రాలింది
ఒకేసారి, ఒక రాత్రి, ఆకాశమే.

ఆ రాత్రి సరూర్‌నగర్ చెరువు
చెప్పులు విడవకుండానే గడప దాటింది.
మేం మేడ మీద. ఆల్బమ్ కింద, బీరువాలో, నిలువుగా.
నీళ్ళు సరిగ్గా దాని సగానికి వచ్చి ఆగాయి.
తర్వాత ఒక్కో పేజీ విప్పుతుంటే
అప్పడం విరిగిన చప్పుడు.

పైసగం బతికింది.
పెళ్ళిపీటల మీద మా చిన్నమ్మ,
గుట్ట మెట్ల మీద ఇద్దరు మరుదులు,
కొత్త బ్యాగుతో మా ప్రసూన, ముందుపళ్ళు లేకుండా.
అందరూ నవ్వుతున్నారు,
నడుము కింద ఎవ్వరూ లేరు.
అక్కడ తెల్లగా, అంచున కాస్త నారింజగా, ఒక మరక.
పాత చీరలో చుట్టి సజ్జ ఎక్కించాను.
ఇన్నేళ్ళూ దించలేదు.

దించింది ఈ పెట్టె.
మరక రంగూ కాగితం రంగూ ఒకటే అని
మొదట చూసింది ఆయనే.
చిన్నమ్మ పాదాలుండాల్సిన చోట ఒక ఆకు పెట్టాను.
దాని పక్కన ఇంకొకటి. దాని మీద ఇంకొకటి.
మరుదులకు మోకాళ్ళ దాకా,
ప్రసూనకు, పొట్టిది గదా, ఛాతీ దాకా.
ఆయన పేజీని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.
"నీళ్ళల్ల లేరు ఇప్పుడు" అన్నాడు,
"ఆకులల్ల నిలబడ్డరు."
గుమ్మడికాయను మాత్రం ఎక్కడా పెట్టనివ్వలేదు.

నాలుగో పేజీకి ఆకులైపోయాయి.
మిగిలింది మేమిద్దరం, పబ్లిక్ గార్డెన్స్‌లో.
తేమ ఇంకాస్త పైకి పాకి
నా ముఖాన్ని కూడా పట్టుకుపోయింది.
"నవ్వుతున్నానా ఇందులో?"
"లే. నీ చెప్పు తెగింది. ఒంటికాలి మీద నిలబడి
నన్ను తిడుతున్నవ్."
నాకది గుర్తే లేదు.
ఆ చెప్పు ఏ రంగుదో కూడా చెప్పాడు.

ఈ పేజీ శివరాత్రి దాకా ఆగనీ,
బాదం ఆకులు ఏరుకొస్తానని పక్కన పెట్టాను.
పెట్టబోతూ, అలవాటు,
చెయ్యి దానంతటదే రబ్బరుస్టాంపు కోసం వెతికింది.
సగం ముద్ర ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి,
లేకపోతే కండక్టరు ఒప్పుకోడు.
పెట్టెలో ఉన్న ఇటుక రంగు సిరాలో
బొటనవేలు ముంచి
మా ఇద్దరి అంచున ఒత్తాను.

"ఎన్నొద్దులు చెల్లుతది?" అన్నాడు ఉపేందర్,
కౌంటర్ అవతల నిలబడ్డ వాడిలా, కొంచెం వంగి.

నేను జిగురు సీసా మూత వెతుక్కుంటున్నాను.